మా అమ్మకి మతిమరుపు లేదు

మా అమ్మ ఆశ్రమంలో లేదు. మధురవాడ దాటాక, రిటైరైనవాళ్ళ కోసం కట్టిన అపార్టుమెంట్లలో తన సొంత ఫ్లాటులో ఉంది. తలుపుకి తన తాళం, వంటింట్లో తన గ్యాసు పొయ్యి. అయినా మా బంధువుల్లో ఎవరి నోట విన్నా ఒకటే మాట, ఆశ్రమం. ఆ మాట దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు, నావైపు అదోలా చూస్తారు. వినీ వినీ ఒళ్ళు మండిపోయింది. అందుకే జరిగింది జరిగినట్టు చెప్పదలుచుకున్నాను. అందులో నేను చేసిన పాపమూ ఉంది. అదీ చెబుతాను.

అమ్మ పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైంది. నాన్న పోయాక గాజువాకలో మా ఇంటికొచ్చింది. నాకు స్టీల్ ప్లాంటులో షిఫ్టులు, నా భార్యకి స్కూలు. మేమేమీ ఆవిడని కష్టపెట్టలేదు. ఏ పనీ ముట్టుకోనివ్వలేదు, అంతే. ఒకరోజు భోజనాల దగ్గర అమ్మ ఉన్నట్టుండి అంది.

"నాను ఏరే ఎల్పోతాన్రా. మీ ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో అడిగి తీసుకోవాల్సొత్తంది."

నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. చూడాల్సిన చోట్లన్నీ అప్పటికే ఫోన్లు చేసి కనుక్కుంది. నేను చేసిందల్లా కారు నడపడమే.

మొదటిది రుషికొండ వైపు. బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది. అక్కడి మేనేజరమ్మ, మా అమ్మకి చెవుడున్నట్టు గట్టిగా మాట్లాడింది. "మామ్మగారూ, ఇక్కడంతా ప్యూర్ వెజ్ అండీ. ఎవరి ఫ్లాటులో వాళ్ళు కూడా నాన్‌వెజ్ వండుకోకూడదు."

"సముద్రం సూపించి సేపలు తినొద్దంటారేటమ్మా?" అని అమ్మ లేచి వచ్చేసింది.

రెండోచోట చేపలకి అభ్యంతరం లేదు. కానీ గేటు దాటి బయటికెళ్ళాలంటే కొడుకు సంతకం ఉండాలట. "అంతా పెద్దవాళ్ళ భద్రత కోసమేనండీ," అన్నాడు ఆఫీసులో ఉన్నాయన.

అమ్మ నన్ను చూపించింది. "ఈడి ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలెట్టింది నానండీ. ఇప్పుడు నా కాళ్ళు కదపాలంటే ఈడెట్టాలా?"

వెళ్ళి కారెక్కేసింది.

మధురవాడలో అమ్మ మేనేజరుని ఏమీ అడగలేదు. కింద బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న ఒక పెద్దాయన పక్కకి వెళ్ళి, "ఎలాగుందండీ ఇక్కడ?" అంది.

"సాంబారు నీళ్ళు. లిఫ్టు ఆగిపోతుంటాది. కానీ ఎక్కడికెల్తన్నావని ఎవడూ అడగడమ్మా."

పైకెళ్ళి ఫ్లాటు చూసింది. కిటికీ తెరిచింది, కుళాయి తిప్పింది, వంటింటి గట్టు తన ఎత్తుకి సరిపోతుందో లేదో నిలబడి చూసుకుంది. "ఇదే తీసుకుంటాను," అంది. నన్ను అడగలేదు, చెప్పింది. తన సొమ్ముతోనే తీసుకుంది.

ఇందులో ఆశ్రమం ఎక్కడుంది?

నేనే పుట్టించాను. అమ్మ వెళ్ళిన కొత్తల్లో మా బావ ఫోన్ చేశాడు. అమ్మకి అన్నగారి కొడుకు. పూర్ణా మార్కెట్‌లో పప్పుల కొట్టు. "ఏటి బావా, అత్తని బయటెట్టేసేవంట?" అన్నాడు. ఆవిడే వెళ్ళిందంటే సరిపోయేది. నోరు రాలేదు. తల్లిని వదిలించుకున్నవాణ్ణి లోకం తిడుతుంది. తల్లే వదిలేసి వెళ్ళిపోయినవాణ్ణి చూసి నవ్వుతుంది. తిట్లకన్నా ఆ నవ్వుకే నేను భయపడ్డాను.

"ఏం చేస్తాం బావా, మతిమరుపొచ్చింది. గ్యాసు కట్టేయడం మర్చిపోతోంది. అక్కడైతే చూసుకునేవాళ్ళుంటారు," అన్నాను.

"అయ్యో పాపం," అన్నాడు బావ. ఆ అయ్యోపాపం చుట్టాలందరి ఇళ్ళకీ చేరిపోయింది.

కొన్నాళ్ళకి బావ వాళ్ళ నాన్న సంవత్సరీకం వచ్చింది. ఈ మధ్య మనవాళ్ళకి ఒక అలవాటైంది. పుట్టినరోజైనా, పోయినవాళ్ళ తిథైనా ఏదో ఒక ఆశ్రమానికి పోవడం, పళ్ళు పంచడం, దుప్పటి ఇస్తూ ఫోటో దిగడం. పుచ్చుకునేవాళ్ళు చేయి చాపితే చాలదు, కెమెరా వైపు కూడా చూడాలి. బావ ఆ పని అమ్మ ఉన్నచోటే పెట్టుకున్నాడు. వద్దనడానికి నాకు మొహం లేదు.

గేటుకి ఫ్లెక్సీ కట్టారు. రిటైరైన ఇంజనీర్లూ, లెక్చరర్లూ ఏం గొడవో తెలియక కిందికి దిగారు. ఒకాయన చేతిలో అరటిపండు పెడితే, "ఏటి బాబూ ఇది, నానేం అడిగేను?" అన్నాడు. బావ అమ్మ భుజాల మీద దుప్పటి కప్పి, ఆవిడ ముఖం మీదకి వంగి అరిచాడు.

"అత్తా! నానెవర్నో గురుతు పట్టేవా?"

"పట్టకేం? పదో తరగతి తప్పి, మీ నాన్న కొడతాడని మా ఇంట్లో బియ్యం బస్తాల ఎనకాల నక్కినోడివి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బావ కూడా నవ్వుతూ, "అయితే ఒక్కోసారి బాగానే గురుతుంటాదన్నమాట. గ్యాసు కట్టేయడం మర్సిపోతన్నావని బావ సెప్పేడులే," అన్నాడు.

అమ్మ నావైపు చూసింది. దుప్పటి తీసి, అంచులు కలిపి మడతపెట్టి, బావ చేతిలో పెట్టింది. "మా అన్న పేరున తెచ్చేవు. సలికి ఒణికేవోడికియ్యి," అని లిఫ్టు వైపు నడిచింది. ఫోటో మాత్రం అప్పటికే చుట్టాల వాట్సాప్ గ్రూపులో పడిపోయింది.

తర్వాత బావ కూతురికి పెళ్ళి కుదిరింది. మావాళ్ళలో పొయ్యి వేరైతే శుభలేఖ వేరు. అన్నదమ్ములు ఒకే వాకిట్లో ఉన్నా, ఎవరి వంట వాళ్ళదైతే ఎవరి కార్డు వాళ్ళకి గడప దగ్గరికెళ్ళి చేతికివ్వాలి. బావ మా ఇంటికొచ్చి ఒక్క కార్డే ఇచ్చాడు. "అత్తది కూడా ఇందులోనే. తీసుకురావొద్దులే బావా, జనంలో తికమకపడిపోద్ది."

నేను పుచ్చుకున్నాను.

ఆ సంగతి చెప్పడానికి వెళితే అమ్మ నన్ను లోపలికి రానివ్వలేదు. గుమ్మంలోనే నిలబెట్టి విన్నది. "నా గడప నాకుండాలనే కదరా ఇక్కడికొచ్చేను? నువ్వేమో నాకు బుర్రే లేదని సెప్పేవు. బుర్ర లేనిదానికి గడపేటి, కార్డేటి? నువ్వు సెప్పిన మాట నువ్వే దిద్దుకో. అంతవరకూ నా తలుపు కొట్టకు."

తలుపు వేసేసింది.

గ్రూపులో రాశాను. అమ్మకి ఏ మతిమరుపూ లేదని, తనే ఎంచుకుని వెళ్ళిందని, నేను అబద్ధమాడానని. దండాలు పెడుతున్న బొమ్మలు వరసగా వచ్చాయి. "తల్లి పరువు కాపాడతన్నావు, బంగారంలాంటి కొడుకువి నాయనా," అని మా పిన్ని రాసింది. ఫోను నేలకేసి కొట్టాలనిపించింది. ఒక్క ఫోను కాల్‌తో అబద్ధాన్ని నమ్మినవాళ్ళు, నేనే స్వయంగా ఒప్పుకుంటే నిజాన్ని ఎందుకు నమ్మరు? ముసలావిడకి మతి పోయిందంటే అందరికీ ఇట్టే మింగుడుపడింది. ముసలావిడ తనకి నచ్చిన ఇల్లు తను చూసుకుందంటే మాత్రం గొంతు దిగదు. ఆ కోపంలో సగం నామీదే. వాళ్ళకి ఆ సులువైన ముద్ద కలిపి పెట్టింది నేనే కదా.

మర్నాడు పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాను. బావ కందిపప్పు తూయిస్తున్నాడు.

"గ్రూపులో రాసింది నిజం బావా. అమ్మే వెళ్ళిపోయింది."

"అదేటి? అత్త నిన్నొదిలేసి ఎల్పోయిందా?"

"ఆఁ. మా ఇంట్లో ఉండబుద్ధి కాక వెళ్ళిపోయింది."

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరే, ఇన్నారేట్రా? మా బావనొదిలేసి ఆళ్ళమ్మ ఎల్పోయిందంట!" బస్తాలు దించుతున్నవాళ్ళూ, సరుకు కొంటున్నవాళ్ళూ తిరిగి చూసి నవ్వారు. కదలకుండా నిలబడ్డాను.

"నవ్వడం అయ్యాక అమ్మ పేరున కార్డు రాయి. ఆవిడ ఇంటికెళ్ళి నువ్వే ఇవ్వాలి."

నవ్వు ఆగింది. "ఎల్తే తిడతాదేమో బావా."

"తిడుతుంది."

బావ గల్లాపెట్టె పక్కనున్న కట్టలోంచి ఒక శుభలేఖ లాగి, పప్పు దుమ్ము పడకుండా మోకాలి మీద పెట్టుకుని, మా అమ్మ పేరు పూర్తిగా రాశాడు. రాసి తలెత్తాడు.

"డోరు నంబరెంత?"