ఎడమచేతి గిటారు

మా పెదనాయనకు సంగీతమంటే ప్రాణమట. ఈ మాట ఆయన నోటివెంట తప్ప ఇంకెవరి నోటా నేను వినలేదు. కడపలో ఆయన ఇంటికి సున్నాలు వేయిస్తున్నప్పుడు అటక మీది నుంచి ఒక పాత ఎలక్ట్రిక్ గిటారు దిగింది. అంతే, వచ్చినవాళ్ళందరికీ దాన్ని చూపించి, వయసులో ఉన్నప్పుడు ముచ్చటపడి మద్రాసు నుంచి తెప్పించుకున్నానని చెప్పడం మొదలుపెట్టాడు. పక్కన కూర్చుని వింటున్న నాకు ఒళ్ళు మండింది. అది మా మేనత్తది. పెళ్ళికి ముందు ఆమె ఊళ్ళో ఆర్కెస్ట్రాలో వాయించేది. పెళ్ళిచూపులకు వస్తున్నారని దాన్ని గోనెసంచిలో చుట్టి అటకెక్కించింది ఈ సంగీతప్రియుడే. ఇంటిల్లిపాదికీ ఈ సంగతి తెలుసు. అయినా ఎవరూ నోరు మెదపరు.

బాగుచేసి తెస్తానని నేనే అడిగాను. హాల్లో గోడకు బాగుంటుందని ఆయన సంతోషంగా ఇచ్చాడు. బాగుచేసేది గోడ కోసం కాదని, అత్త చేతికి తిరిగి ఇవ్వడానికని నేను ఆయనకు చెప్పలేదు. చెప్పి ఉంటే అది గుమ్మం దాటేది కాదు.

కర్నూలులో మా వంటింటి బల్ల మీదే పనంతా. కంప్యూటర్లు బాగుచేసి బతికేదాన్ని కాబట్టి సోల్డరింగ్ నాకు కొత్త కాదు. చెక్కకు చెద పట్టలేదు, అది మా అదృష్టం. లోపలి వైర్లు మాత్రం పెళుసెక్కి, ముట్టుకుంటే విరిగాయి. వాటిని మార్చాను. శబ్దం పెంచే మర తిప్పినప్పుడల్లా గరగరమంటుంటే విప్పి శుభ్రం చేశాను. రంగు జోలికి మాత్రం పోలేదు. రెండు పూతలు వేస్తే కొత్తదానిలా ఉంటుందని మా ఆయన సలహా. దసరా వస్తే ఇంట్లో కిటికీ ఊచ నుంచి కుర్చీ కాలి దాకా ఎనామిల్ పూసే మనిషి, ఆయనకు నేనేం చెప్పను.

చివరికి తీగలు మిగిలాయి. ఫోన్లో వీడియో చూసి, వాళ్ళు చూపించిన వరసలోనే ఆరూ బిగించాను. ఒక్కటీ కుదరలేదు. గిటారు మెడ చివర తీగలు కూర్చోవడానికి ఎముకతో చేసిన చిన్న ముక్క ఉంటుంది, దానికి గాడులు ఉంటాయి. సన్న తీగ దాని గాడిలో వదులుగా ఊగుతోంది. లావు తీగ అసలు దిగనే లేదు. ఎవడో తెలివితక్కువవాడు గాడుల్ని తలకిందులుగా కోశాడని తిట్టుకుంటూ ఆకురాయి చేతికి తీసుకున్నాను. అరగదీసే ముందు ఎందుకో అడుగుదామనిపించి, బద్వేలులో ఉన్న అత్తకు ఫోన్ చేశాను.

"తప్పేం లేదు పాపా, నాది రొడ్డచెయ్యి గదా," అంది. "ఉస్తాదు నాకోసరమే అట్ల కోసిచ్చినాడు."

ఉస్తాదంటే వాళ్ళ పక్కింట్లో ఉండి ఆర్కెస్ట్రా నడిపిన ముస్లిం పెద్దాయన. ఆయన చేసింది సరే. అత్తది ఎడమచేతి వాటమా? పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, ఆమె ఎడమచేత్తో గరిటె తిప్పగా చూడలేదు, ముగ్గు వేయగా చూడలేదు. అప్పుడు చెప్పింది. చిన్నప్పుడు ఎడమచేయి కంచంలోకి పోతే పక్కనే కూర్చున్న పెదనాయన గరిటె కాడతో కణుపుల మీద కొట్టేవాడట. ఆడపిల్లకు రొడ్డచెయ్యి అయితే అత్తగారింట్లో తల ఎత్తుకోలేమని ఆయన బాధ. అన్నం, రాత, పూజ, అన్నిటికీ దెబ్బలతోనే కుడిచేయి అలవాటైంది. గిటారు ఏ చేత్తో వాయించాలో మాత్రం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకని దాని మీద ఆమెను ఎవరూ కొట్టలేదు.

ఇదంతా ఆమె నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం ఆ ఆకురాయితో పెదనాయన సంగీతాభిమానాన్ని అరగదీయాలనిపించింది.

తీగలన్నీ విప్పి, వరస మార్చి మళ్ళీ కట్టాను. ఆరూ బుద్ధిగా గాడుల్లో కూర్చున్నాయి. ఒక చిన్న స్పీకరు పెట్టె అరువు తెచ్చి, అత్తను కూడా పిలిపించి, గిటారుతో కడపకు పోయాను.

హాల్లో కుర్చీ వేసి అత్తను కూర్చోబెట్టి, గిటారు ఆమె ఒళ్ళో పెట్టాను. వాయించడానికి ముందు ఆమె తలెత్తి అన్న వైపు చూసింది. మనవళ్ళున్న మనిషి, తన గిటారు తను ముట్టుకోవడానికి అనుమతి కోసం చూస్తోంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే. ఆయన ఏమీ అనకముందే నేను స్విచ్ వేశాను. మొదట రెండు మూడు చోట్ల తడబడింది. తర్వాత ఆమె ఎడమచేయి ఎవరి మాటా విననట్టు నడిచింది. వంటింట్లోంచి ఆడవాళ్ళంతా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

పెదనాయన చూపు పాట మీద లేదు, చేతి మీద ఉంది. "ఏందిది, శుభమా అని ఇంట్లో ఆ చేత్తోనా? తీగలు తిరగేసి కట్టు పాపా, మన పిల్లోళ్ళు కుడిచేత్తో నేర్చుకుంటారు," అన్నాడు.

తిరగేస్తే పలకదని చెప్పాను. ఇది అత్తదని, అత్తే బద్వేలుకు తీసుకుపోతుందని చెప్పాను. ఎవరు అటకెక్కించారో కూడా అందరి ముందరే చెప్పాను. గొంతు పెరిగిందేమో, పెరగనీ.

ఆయన ఓడిపోయే రకం కాదు. లేచి, అత్త ఒళ్ళోంచి గిటారు తీసుకుని, పసుపుకుంకుమలతో చీర పెట్టేవాడిలా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఆమె సొత్తును ఆమెకే దానమిస్తున్నాడు.

"ఆడబిడ్డవు, నేనే ఇస్తాండా. కుడిచేత్తో అందుకో," అన్నాడు.

అత్త లేచి నిలబడి ఎడమచేయి చాపింది. ఆయన వదల్లేదు. ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు.