నా డబుల్ పెడల్, శాంతమ్మ టీచర్ తలుపు

నవ్వకుండా వింటామని మాటిస్తేనే చెప్తాను. పోయిన ఆదివారం మా చర్చిలో ఆరాధన అయిపోయాక జనం వరసగా వచ్చి నా చేయి పట్టుకుని ఊపారు. ఇన్నేళ్లుగా డ్రమ్స్ వాయిస్తున్నా, ఒక్కరూ అట్ల వచ్చింది లేదు. తీరా చూస్తే వాళ్లు మెచ్చుకున్నది నా వాయింపును కాదు! దేన్ని మెచ్చుకున్నారో తెలియాలంటే మొదటి నుంచి వినాలి. టీ తాగుతూ వినండి, చల్లారిపోతుంది.

మాది ఆళ్లగడ్డ. వారమంతా బళ్లో పిల్లలకు ఎక్కాలు చెప్తాను, ఆదివారం చర్చిలో డ్రమ్స్ ముందు కూర్చుంటాను. సెట్టులో అన్నిటికంటే పెద్ద డ్రమ్మును కాలితో వాయించాలి. దానికి ఒక పెడల్ ఉంటుంది, తొక్కితే సుత్తి లాంటిది పోయి డ్రమ్మును కొడుతుంది. మా చర్చి పెడల్ ఎవరు ఎప్పుడు ఇచ్చారో కూడా ఎవరికీ గుర్తులేదు. తోలు పట్టీ, తుప్పు పట్టిన స్ప్రింగు. కాలు ఆనించగానే ముందు కీచుమంటుంది, ఆ తర్వాతే ధమ్మంటుంది. పాట పొడుగునా కీచు ధమ్, కీచు ధమ్. నాకు తల కొట్టేసినట్టుండేది. కుట్టుమిషన్ నూనె పోశాను. కొబ్బరినూనె పోశాను. లారీ షెడ్డుకు పోయి గ్రీజు తెచ్చి పూశాను. శనివారం పొద్దున పోస్తే ఆ కాసేపు నోరు మూసుకునేది, ఆదివారం అయ్యగారు పాట ఎత్తుకోగానే మళ్లీ కీచు. ఈ కాలంలో నూనెలు కూడా కల్తీ అని ఊరంతా తిట్టుకుంటూ తిరిగాను.

ఇట్ల ఉండగా కమిటీ మీటింగులో వినయ్ ఒక మాట అన్నాడు. వినయ్ అంటే మా చర్చిలో కీబోర్డు వాయించే బ్యాంకు ఉద్యోగి, ఇస్త్రీ మడత నలగనివ్వని మనిషి. ఒక రిథమ్ ప్యాడ్ కొంటే సరిపోతుందట, వేలితో తాకితే లోకంలోని దరువులన్నీ అందులోనే వస్తాయట, డ్రమ్స్ తీసేస్తే ఆ చోట రెండు బెంచీలు పడతాయట. నా వైపు చూడకుండా చెప్పాడు. అయ్యగారు, అదే మా పాస్టరు గారు, గడ్డం గోక్కుని, కోత పండుగ కానీ, ఆ తర్వాతి ఆదివారం దాసు, అంటే నేను, వాయించేది విని తేలుద్దాం అన్నారు.

ఆ రాత్రి అన్నం సహించలేదు. డ్రమ్స్ ముందు ఆ స్టూలు పోతే ఆదివారం పూట నేనెవరిని? ఎక్కాల సారుని. అంతకుమించి ఏమీ కాను. నిజం చెప్తున్నాను, ఏడుపొచ్చింది.

ఏడ్చి ఏం లాభమని ఫోన్ తీసి వీడియోలు చూడటం మొదలుపెట్టాను. అక్కడే దొరికింది మందు. డబుల్ పెడల్! ఒకే డ్రమ్ముకు రెండు కాళ్లకు రెండు పెడల్స్. రెండు కాళ్లూ ఆడిస్తే గుడగుడమని ఉరుముతుంది, ఏ ప్యాడూ పక్కన నిలవదు. వీడియోలో గడ్డపాయన ఒకడు కళ్లు మూసుకుని, డబుల్ పెడల్ ఎవరైనా కొంటారు, వింటేజ్ ఫీల్ ఉన్నది ఎంచుకోవడంలోనే కళాకారుడు తెలిసిపోతాడు అన్నాడు. వింటేజ్ ఫీల్ అంటే ఏమిటో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. కళాకారుడు అన్నాడు కదా, చాలు.

మా కోత పండుగ సంగతి మీకు తెలుసు. ఆరాధన అయ్యాక గుమ్మడికాయలు, కోళ్లు, శనక్కాయల మూటలు, ఎవరు ఏది కానుకగా తెస్తే అది వేలం పాడతారు. ఏ వస్తువూ పాట లేకుండా మిగలకూడదు. పాడి తీసుకున్నది ఆశీర్వాదం, తిరిగి ఇవ్వకూడదు. కమిటీని అడిగి నేను దర్జాగా ఆ పాత పెడల్‌ను వేలానికి పెట్టించాను, డబుల్ పెడల్ వస్తోంది అని మైకులో చెప్పించుకున్నాను కూడా. గుమ్మడికాయకు పోటీ పడ్డ జనం పెడల్ పైకెత్తగానే చెప్పులు సర్దుకోవడం మొదలుపెట్టారు. నువ్వు పెట్టిన వస్తువు నువ్వే పాడితే పరువు పోతుందని మా ఆవిడ సునీత నా చొక్కా పట్టుకుని కూర్చుంది. చివరికి ఆడవాళ్ల వైపు నుంచి శాంతమ్మ టీచర్ చెయ్యెత్తింది. నాకు అఆలు దిద్దించిన టీచరమ్మ, రిటైరై ఇప్పుడు స్త్రీల సమాజం నడుపుతోంది, ఆడవాళ్ల పాటంతా ఆమె గొంతు వెనకే. పాపం నా పరువు కాపాడిందనుకున్నాను. పెడల్‌ను బైబిల్ సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి నంద్యాల బస్సెక్కాను. అక్కడ వాయిద్యాల అంగడి ఖాదర్ భాయ్ నాకు పాత పరిచయం. ఒకటి తర్వాత ఒకటి పెడల్స్ పరిచాడు. నేను చెప్పులు విప్పి, కళ్లు మూసుకుని, ఒక్కోదాని మీద కాలు పెట్టి కూర్చున్నాను. ఇది మరీ నున్నగా పోతోంది అన్నాను. ఇది మరీ కొత్తగా ఉంది అన్నాను. వెనకాల హార్మోనియం బాగుచేయించుకోవడానికి వచ్చిన భజన పెద్దమనిషి, ఈయన కాళ్ల డాక్టర్ దగ్గరకు పోకుండా ఇక్కడికెందుకొచ్చాడా అన్నట్టు చూస్తున్నాడు.

భాయ్ ఓపిగ్గా అడిగాడు. "ఇంతకీ నీకు ఎట్లాంటిది కావాలన్నా?"

"వింటేజ్ ఫీల్ ఉండాల భాయ్. అంటే కొత్తదే గానీ, తొక్కితే పాతదాని మాదిరి ఉండాల."

"మరి పాతది ఏమాయ?"

"వేలంలో ఇచ్చేసినా."

భాయ్ లోపలికి పోయి ఇంకో డబ్బా తెచ్చాడు. తోలు మాదిరి పట్టీ, పాతకాలపు అక్షరాలు, రాగిరంగు పూత. చూడగానే ఇదే అన్నాను. బేరింగులు మంచివి, చుక్క సద్దు రాదు అని భాయ్ పొగుడుతుంటే మురిసిపోయాను. బస్సులో ఒళ్లో పెట్టుకుని వస్తుంటే, కుట్టుమిషనా అని కండక్టర్ అడిగాడు. మూర్ఖుడని నవ్వుకున్నాను.

ఆదివారం వచ్చింది. మొదటి పాటకు అయ్యగారు చెయ్యెత్తారు. నేను రెండు కాళ్లతో గుడగుడమని ఉరిమాను. ఎవరూ పాడలేదు. ఇంకోసారి ఉరిమాను. మగవాళ్లు ఎత్తుకున్నారు, ఆడవాళ్లు నోళ్లు తెరిచి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లు అందుకునేసరికి వీళ్లు పల్లవి దాటేశారు. అటువైపు చరణం, ఇటువైపు పల్లవి. చప్పట్లు ఇంకో దారిన పోతున్నాయి. సర్దుదామని నేను ఇంకా గట్టిగా తొక్కాను, అంతే, ముసలివాళ్లు పాడటమే మానేసి పాటల పుస్తకాలు మూసేశారు. మా చర్చిలో ఏది చేయి దాటినా ఒకటే మందు. పాట మధ్యలోనే అయ్యగారు "ప్రార్థన చేసుకుందాం" అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు, నేను మాత్రం తెరిచే ఉన్నాను. వినయ్ కూడా తెరిచే ఉన్నాడు. వచ్చే ఆదివారం ప్యాడ్ తెమ్మని బయట అయ్యగారు వినయ్‌తో చెప్పడం నా చెవిన పడింది.

ఆడవాళ్లు కావాలనే చేశారు, శాంతమ్మ టీచర్‌నే కడిగేద్దామని సాయంత్రం వాళ్లింటికి పోయాను. వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డంగా నా పాత పెడల్ కూర్చుని ఉంది. నేను నోరు తెరిచేలోపు టీచర్ దాని మీద కాలు పెట్టి తొక్కింది. కీచు. వెంటనే లోపల అంట్లు తోముతున్న కోడలు టంచనుగా పాట ఎత్తుకుంది!



"నీ డ్రమ్ము సద్దు గోడలకు తగిలి మా దాకా వచ్చేసరికి పాట ముందుకు పోయింటాది నాయనా" అంది టీచర్. "దాని కన్నా ముందొచ్చే ఆ కీచు పట్టుకోనే మేం అందుకొంటాంటిమి. మమ్మల్ని పట్టుకోని మగోళ్లు."

"మరి నాకెందుకు చెప్పల్యా మేడమ్? నేనేమో వారం వారం నూనె పోస్తాంటి."

"శనివారం చర్చి ఊడ్చేది ఎవరు? నువ్వు పోసిన నూనెంతా గుడ్డతో తుడిచేది ఎవరనుకొంటివి? గ్రీజు పూసిన వారం మాత్రం ఒక చీర పాడాయ."

అన్నేళ్లుగా నేను తిట్టుకున్న నూనెలన్నిటికీ మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. పెడల్ తిరిగి ఇవ్వమని బతిమాలాను. వేలంలో పాడిన ఆశీర్వాదాన్ని ఎట్ల ఇస్తాను అంది. చివరికి ఒప్పందం కుదిరింది. ఆదివారం తనే సంచిలో తెస్తుంది, ఆరాధన కాగానే తీసుకుపోతుంది, మళ్లీ తలుపుకు కావాలి కదా.

పోయిన ఆదివారం వినయ్ ప్యాడ్ స్టాండు మీద పెట్టి సిద్ధంగా ఉన్నాడు. ఒక్క పాట వాయించనివ్వండి అని అయ్యగారిని అడిగాను. కొత్త జతలో ఎడమది విప్పేసి, ఆ చోట పాత పెడల్ పెట్టాను. అది డ్రమ్మును తాకదు, గాల్లో ఊరికే ఆడుతుంది. ఎడమ కాలితో కీచు, కుడి కాలితో ధమ్. ఆడవాళ్లు అందుకున్నారు చూడండి, చర్చి కప్పు లేచిపోయింది! డ్రమ్స్ ఉంటాయి, ప్యాడ్ వద్దు అని అయ్యగారు అక్కడికక్కడే చెప్పేశారు. ఆ తర్వాతే వరసగా వచ్చి నా చేయి ఊపడం. పోయిన వారం ఆ కీచు యాడ దాచిపెట్టినావప్పా అని అడిగిన వాళ్లే అందరూ.

సాయంత్రం ఖాదర్ భాయ్ ఫోన్ చేసి, వింటేజ్ ఫీల్ వచ్చిందా అన్నా అని అడిగాడు. ఎడమ కాలికి వచ్చింది అని చెప్పాను.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. నిన్న తెలిసింది, వినయ్ ఆ కీచు శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడట, ప్యాడ్‌లో ఎక్కిస్తాడట. పరిగెత్తుకుంటూ పోయి టీచర్‌కు చెప్పుకున్నాను, ఇక నన్నెవరు ఉంచుతారు మేడమ్ అని.

టీచర్ తాపీగా పెడల్‌ను తలుపు కిందికి తోసి నన్ను కింద నుంచి పై దాకా చూసింది.

"దిగులు పడొద్దులే నాయనా. మా పెరటి తలుపు కూడా గాలికి కొట్టుకుంటాండాది."