ఎడమ చేతి మీద బిడ్డ

ఉదయం ఆరూ నలభైకి వీధి చివర ఫిల్టర్ నీళ్ళు పట్టుకుని, క్యానుతో ఇంటికొచ్చాను. మా ఊరు చింతామణిలో బోరు నీళ్ళతో నీటిరంగులు వేస్తే, ఆరాక కాగితం మీద తెల్లటి పొర తేలుతుంది. నల్లరంగు వేసిన చోట, అంటే జుట్టు మీద, మరీ కనిపిస్తుంది. అందుకని మా ఇంట్లో తాగడానికీ బొమ్మలకీ ఒకే నీళ్ళు. క్యాను తేవడం మా ఆయన పని. ఆయన పోయి అప్పటికి మూడు నెలలు కావస్తోంది.

ఆయన శనక్కాయల మండీలో గుమాస్తాగా చేసేవాడు. నేను బొమ్మలు వేస్తాను. చిక్కబళ్ళాపురంలో ఫ్రేములు కట్టే అంగడి నుంచి నాకు ఆర్డర్లు వస్తాయి. ఇళ్ళు, గోపురాలు, పెళ్ళి జంటలు. వీటికన్నా ఎక్కువగా వచ్చేవి చేర్చి గీసే బొమ్మలు. పోయినవాళ్ళను బతికున్నవాళ్ళ ఫోటోలోకి చేర్చి ఒకే బొమ్మగా వేయాలి. గృహప్రవేశం చూడకుండా పోయిన తండ్రి, మనవడు పుట్టకముందే పోయిన అవ్వ. ఫోటో అంగళ్ళలో కంప్యూటర్ మీద కూడా చేసిస్తారు. అది అతికించినట్టు ఉంటుందని నా దగ్గరికి వస్తారు.

మా ఆయన ఉన్న రోజుల్లో ఒకసారి బట్లహళ్ళి నుంచి ఒక రైతు, పోయిన తన తండ్రి ఆధార్ కార్డు తెచ్చి, తమ్ముడి పెళ్ళి ఫోటోలో నడుమ కూర్చోబెట్టమన్నాడు.

"నవ్వతా ఉండల్లమ్మా," అన్నాడు.

"మీ నాయన నవ్వేటోడా అప్పా?" అని మా ఆయన అడిగాడు.

"యాడ నవ్వె? ఎప్పుడూ ఉరుముతానే ఉండె. ఇప్పుడన్నా నవ్వనీ."

"పోయినాక కూడా ఈయప్పకు పని తప్పలేదు సూడు," అన్నాడు మా ఆయన నాతో. అందరికన్నా ముందు రైతే నవ్వాడు.

కార్డు ఫోటోలో మనిషి నేరుగా మనల్నే చూస్తాడు. దాన్ని అట్లాగే దించితే, ఇంట్లోవాళ్ళు ఒకరినొకరు చూసుకుంటుంటే పోయిన మనిషి మాత్రం బయటికి చూస్తూ ఉంటాడు. అతన్ని ఎవరూ పట్టించుకున్నట్టు ఉండదు. నేను అతని చూపు కొంచెం పక్కకు తిప్పి, ఇంట్లో ఎవరో ఒకరి ముఖాన్ని అతని వైపు తిప్పుతాను. ఈ పనిలో నాకు తెలిసింది అంతే.

ఈ ఆర్డర్ల మధ్య నాకోసం ఒక బొమ్మ వేసుకోవాలని చాలా ఏళ్ళుగా అనుకుంటూ వచ్చాను. పెళ్ళయ్యాక మేము మొదట బాగేపల్లిలో అద్దెకున్నాం. ఆ ఇంటి వసారాలోకి హైవే లారీల దుమ్ము వచ్చేది. మా అమ్మాయి అప్పుడు నెలల బిడ్డ. ఆయన ఆ బిడ్డను ఎడమ ముంజేతి మీద పడుకోబెట్టుకునేవాడు, తల మోచేతి మడతలో ఉండేది. కుడిచేత్తో శనక్కాయలు నలిపి తినేవాడు. పొట్టు బిడ్డ గౌను మీద పడితే వంగి ఊదేవాడు. దీనికి ఫోటో లేదు. మా దగ్గర కెమెరా ఉండేది కాదు. ఇది నాకు తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. ఆయన ఉన్నప్పుడు ఎప్పుడైనా వేయవచ్చు అనుకున్నాను. పోయాక, అది కూడా ఆర్డరు బొమ్మలా తయారవుతుందేమోనని భయపడ్డాను.

ఆయన పోయిన నెలకు మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. నామకరణం బాగేపల్లిలో వాళ్ళ అత్తగారింట్లో చేశారు. ఆ ఉదయం నేను క్యాను దించుతుండగా మా అత్త ఫోన్ పట్టుకుని వచ్చింది. అందులో నామకరణం రోజు అందరూ కూర్చున్న ఫోటో ఉంది.

"దీంట్లో మావోన్ని పెట్టు. పాపని ఎత్తుకోనుండల్ల," అంది.

"ఆయన పాపను చూడనే లేదు కదత్తా."

"బట్లహళ్ళాయప్ప నాయన పెండ్లికి వచ్చినాడా? ఊరోళ్ళందరికీ చేసిస్తాండావు. నా కొడుక్కి చేసేకి నీకు చేతులు రావా?"

నేను క్యాను పక్కన పెట్టాను.

"నా కండ్లు కనపడతాండంగానే చూడల్లమ్మా," అంది. తర్వాత, "వాని కార్డు తీసియ్యల్నా?" అని అడిగింది.

"కార్డు వద్దత్తా," అన్నాను.

ముందు పెన్సిలుతో అందరికీ గీసినట్టే గీశాను. కుర్చీ, రెండు మోకాళ్ళు, వాటి మీద అడ్డంగా బిడ్డ. అత్త వచ్చి చూసింది.

"ఇదేమమ్మా, బిందె పట్టుకున్నట్ల పట్టుకున్న్యాడు. వానికి పిల్లల్ని ఎత్తుకునేది రాదా?"

చెరిపేశాను. ఆయన బిడ్డను ఎట్లా ఎత్తుకునేవాడో నాకు తెలిసింది ఒకటే. అదే వేశాను. ఎడమ ముంజేయి, మోచేతి మడతలో తల, కొంచెం వంగిన మెడ. కుడిచేతిలో శనక్కాయలు పెట్టలేదు. నామకరణానికి పట్టుచొక్కా వేసుకున్న మనిషి చేతిలో అవి బాగుండవనిపించి, ఆ చేతిని కుర్చీ చేయి మీద ఉంచాను. పాపకు ఆ రోజు తొడిగిన పసుపు గౌను వేశాను. బొమ్మ బాగా వచ్చింది. చేతులు నేనెప్పుడూ అంత బాగా వేయలేదు. అత్త కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, "వీడే," అంది.

ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాం. ఎవరొచ్చినా అత్త చూపిస్తుంది. "నామకరణం నాడు సూడు, పాపని ఎట్ల ఎత్తుకోనుండాడో." పక్కింటావిడ ఒకసారి, "ఆ పొద్దుకి ఆయప్ప..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. జరగలేదని అత్తకు తెలుసు. అయినా ఎక్కడా తడబడకుండా చెబుతుంది. ఆ బొమ్మ వచ్చాక ఆమె వేళకు తింటోంది. నేను సరిదిద్దలేదు.

కొన్ని వారాల తర్వాత, ఆర్డర్లు లేని ఒక మధ్యాహ్నం, నా బొమ్మ వేద్దామని కాగితం తడిపాను. బాగేపల్లి వసారాను గుర్తు తెచ్చుకున్నాను. వసారా వచ్చింది. దాంట్లో ఆయన నామకరణం కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతి మీద బిడ్డకు పసుపు గౌను. మా అమ్మాయికి పసుపు గౌను ఎప్పుడూ లేదు. నా పాత చీర కత్తిరించి కుట్టిన తెల్ల గౌన్లే వేసేదాన్ని. ఆ సంగతి నాకు తెలుసు, కానీ ఆ తెల్ల గౌను కనబడడం లేదు. ఆయన కుడిచేయి కుర్చీ మీదే ఉంది. శనక్కాయలు నేనే తెచ్చి పెట్టాల్సి వచ్చింది. కాగితం ఆరిపోయింది. తర్వాత కూడా చాలాసార్లు ప్రయత్నించాను. ప్రతిసారీ గోడ మీది బొమ్మే వచ్చింది.

నేను చదివిన పుస్తకాల్లో జ్ఞాపకాన్ని నీటితోనూ మంచుతోనూ పోల్చారు. నాకు జరిగిన దానికి ఆ పోలికలు కుదరలేదు. నా దగ్గర ఒకటే ఉండేది. దాన్ని అత్తకు ఇచ్చాను. నాకు మిగల్లేదు.

బట్లహళ్ళి రైతు గుర్తొచ్చాడు. తండ్రి ఉరిమే ముఖం అతనికింకా జ్ఞాపకం ఉందో, నేను వేసిన నవ్వు ఒక్కటే మిగిలిందో. కొందరికి అదే కావాలేమో. అత్తకు అదే కావాలి, ఆమెకు అది మంచే చేసింది. అందుకే ఈ పని తప్పని ఎవరితోనూ అనలేను.

పోయిన వారం ఫ్రేముల అంగడాయన ఫోన్ చేశాడు. పాతపాళ్య ఊరివాళ్ళు, పోయిన తల్లిని కొడుకు పెళ్ళి ఫోటోలో చేర్చాలట.

"ఆమెను ఒక్కదాన్నే అయితే వేసిస్తానప్పా," అన్నాను.

"ఒంటిగా ఎవరికి కావల్లమ్మా? ఒంటిగా కార్డులో ఉండనే ఉండాది కదా," అన్నాడు.

ఆయన అన్నదీ నిజమే. ఇంకెవరినైనా చూసుకోమని చెప్పాను. ఇళ్ళు వేస్తున్నాను, గోపురాలు వేస్తున్నాను. పోయినవాళ్ళను చేర్చి గీయడం మానేశాను.