లాగి చూడని అతుకు

పోయిన వారం ధర్మవరంలో ఒక పట్టుచీరల షోరూంకి వెళ్ళాను. మా ఆవిడ చీర ఎంచుకునేదాకా కుర్చీలో కూర్చోవడం నా పని. ఎదురుగా గోడంత టీవీ. అందులో డప్పుల మోత మధ్య రెండు చేతులు పిచ్చిపట్టినట్టు పట్టుపోగులు అతుకుతున్నాయి. కింద బంగారు రంగులో ‘తరతరాల నైపుణ్యం’ అని రాసి ఉంది. ఆ చేతులు మా మేనత్తవి. ఆ పిచ్చి పట్టించింది నేను. చదువుకునే రోజుల్లో నేను ఎడిటింగ్ చేసిన మొదటి సినిమా అది. ఇంటర్నెట్లో పెట్టి మరిచిపోతే, ఈ మహానుభావులు అడగకుండా ఎత్తుకొచ్చి, నా పేరు మాత్రం కోసేశారు. ఆ ఒక్క మేలూ చేశారు.

పెనుకొండలో డిగ్రీ చదువుతూ, క్లాసులు ఎగ్గొట్టి హిందూపురం రైలెక్కేవాణ్ణి. అక్కడ మా గురువుగారికి పెళ్ళి వీడియోల స్టూడియో ఉండేది. పెళ్ళికూతురి మొహాన్ని చందమామలో అతికించడం, చుట్టూ గులాబీ రేకులు రాల్చడం ఆయన కళ. ఒక్క పెళ్ళికొడుకు చేత మూడు వైపుల నుంచి మూడుసార్లు తాళి కట్టించేవాడు. అప్పగింతలప్పుడు తండ్రి కళ్ళు తుడుచుకుంటే మాత్రం రెండు సెకన్లు కూడా ఉంచేవాడు కాదు. “జనాలకి ఓపిక లేదబ్బా. చెయ్యి ఆగిందా, నరికెయ్” అనేవాడు. ఆయనకు తెలిసిన సినిమా విద్య అంతా ఆ రెండు ముక్కలే. ఆ ముక్కల్ని నోటుపుస్తకంలో రాసుకుని, కింద గీత కూడా గీసిన వెధవను నేను.

కాలేజీ సినిమా పోటీకి మేనత్త చేసే పనిని వీడియో తీశాను. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తే, కొత్త పడుగు పోగుల్ని పాతవాటి కొసలకు ఒక్కొక్కటిగా అతకాలి. వేల పోగులు. వేళ్ళకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ మెలిపెట్టి, మెల్లగా ఒకసారి లాగి చూసి, తర్వాతి పోగు అందుకునేది. లాగి చూడటానికి అర సెకను పట్టేది. ప్రతి పోగుకూ చెయ్యి ఆగేది. నేను గురుభక్తితో కూర్చుని ప్రతి అర సెకనునూ నరికేశాను. వారం పట్టింది. నా జీవితంలో అంత శ్రద్ధగా మరే పనీ చెయ్యలేదు.

పోటీలో రెండో బహుమతి వచ్చింది. లాప్‌టాప్ పట్టుకుని అత్త ఇంటికి పోయి, వీధిలో నేతగాళ్ళందర్నీ పిలిచి చూపించాను. సినిమా అయ్యాక ఎదురింటాయన నవ్వుతూ, “ఏమక్కా, మా మగ్గానికి గూడా ఇట్లే లాగి చూడకుండా అతికినావా?” అన్నాడు. అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు. అతుకు ఊడితే చీర చెడుతుంది. ఆమె అతికితే ఊడదన్న పేరుతోనే ఆ వీధిలో ఆమెకు పని దొరికేది.

“నేను లాగి చూసేది యాడ పోయెప్పా?” అంది, వాళ్ళంతా పోయాక. “దొంగపని చేసేదాని మాదిరి చూపించినావే. నిదానంగా ఉండేది మళ్ళా పెట్టు. వీళ్ళకి చూపిస్తాం.”

“పెడతానత్తా” అన్నాను. అప్పటికే పెట్టడానికి ఏమీ లేదు. చిలమత్తూరు పెళ్ళి ఒకటి ఎక్కించాలి, డిస్కు ఖాళీ చెయ్యమని గురువుగారు చెబితే, నరకని అసలు వీడియోలో ఉన్న అత్త చేతుల్ని నా చేత్తోనే చెరిపేశాను. ఆ మాట చెప్పే ధైర్యం మాత్రం రాలేదు. ఊరికి పోయినప్పుడల్లా అన్నం వడ్డిస్తూ, “నాది యాడికొచ్చిందప్పా?” అని అడిగేది. “చేస్తాండానత్తా” అనేవాణ్ణి. చూపు మందగించి పని మానేశాక కూడా అడిగింది. రెండేళ్ళ కిందట పోయింది. అడగడం మానింది అప్పుడే.

షోరూంవాళ్ళ వీడియో దించుకుని ఇంట్లో కూర్చున్నాను. డప్పులు తీసేశాను. వేగం సగానికి, పావుకి తగ్గించాను. చేతులు నిదానంగా కదిలాయి. బూడిద కనిపించింది, మెలిపెట్టడం కనిపించింది. అక్కడి నుంచి వేళ్ళు ఎగిరి తర్వాతి పోగు మీద పడ్డాయి. ఇన్నేళ్ళలో కాలాన్ని ఎంత కావాలంటే అంత సాగదీయడం నేర్చుకున్నాను. నేను నరికేసిన ఆ అర సెకను మాత్రం ఎంత సాగదీసినా రాలేదు.