ఆయన పట్టిన చివరి నీళ్ళు

పొద్దున్న కాఫీ నీళ్ళ వాసన ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. ఇదివరకు ఆ పని మావారిది. చెంబులో కాస్త పట్టి, వాసన చూసి, పుక్కిట పోసుకుని, "కాచుకో రత్నం" అన్నాకే నేను స్టవ్ వెలిగించేదాన్ని.

మావారు గోవిందరాజులు జర్మనీలో, డ్యూసెల్‌డార్ఫ్‌లో పంపుల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. అద్దె ఇల్లు వదిలేసి వోన్‌మొబిల్ కొన్నారు. పడక, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అన్నీ ఆ బండిలోనే. అదే మా ఇల్లు. బండి తోలడం నాకూ నేర్పారు గానీ, నీళ్ళ పని మాత్రం ముట్టుకోనిచ్చేవారు కాదు. చిన్నప్పుడు ఆయన చెల్లెలు కలరాతో పోయిందట. తాగే నీళ్ళు పట్టే గొట్టానికి మడి పాటించేవారు. నేలకు తగలకూడదు, కక్కూసు డబ్బా కడిగే గొట్టం పక్కన ఉండకూడదు.

"మీ అమ్మగారి ఆవకాయ జాడీకైనా ఇంత మడి లేదండీ" అనేదాన్ని.

"ఆవకాయని ఉప్పు కాపాడుతుంది. నీళ్ళనెవరు కాపాడతారే, మనం తప్ప!"

వేజర్ నది ఒడ్డున బండి ఆపి, ట్యాంకు నింపిన సాయంత్రమే ఆయన గుండె ఆగిపోయింది.

కర్మలయ్యాక మా అమ్మాయి అనూహ్య హానోవర్‌లో తన దగ్గర ఉండమంది. నేను బండికే తిరిగొచ్చాను. ట్యాంకులో ఆయన పట్టిన నీళ్ళున్నాయి. గంగ చెంబు ఏళ్ళ తరబడి చెడదు కదా, ఇవీ అంతే అనుకున్నాను. వంటకి సీసా నీళ్ళు కొనుక్కుని, ఆయన పట్టినవి మాత్రం రోజూ ఓ గుక్కెడు తీర్థంలా తాగేదాన్ని.

ఎండలు ముదిరాయి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అనూహ్య పరుగెత్తుకొచ్చి పంపు తిప్పింది. గుప్పున పాచి వాసన.

"ఇవా తాగావు? నాన్నుంటే వీటితో కాళ్ళైనా కడుక్కోనిచ్చేవారా?"

నేను లేచి పంపు కట్టేశాను.

"ఒక్కదానివీ చూసుకోలేవమ్మా. బండి అమ్మేద్దాం. శనివారం వచ్చి చూసుకోమని కొనేవాళ్ళకి టెర్మిన్ ఇస్తాను. బండి బయటంతా శుభ్రంగా కడిగి పెట్టు, చాలు."

ఒంట్లో కాస్త కుదుటపడ్డాక, ఇలాంటి బళ్ళు ఆపుకునే క్యాంపులో, వాడిన నీళ్ళు వదిలే జాలీ మీదికి బండిని తెచ్చి ట్యాంకు అడుగు మర తిప్పాను. పోతున్నంతసేపూ కింద దోసిలి పట్టాను. తాగలేదు. లోపలికి చెయ్యి పెట్టి పాచి తోమాను. శుద్ధి మందు ఎంత కలపాలో, ఎంతసేపుంచాలో అక్కడి కాపలా ఆవిడ చేత డబ్బా మీద చదివించుకుని, పంపుల్లోకీ పారించి, మందు పోయేదాకా కడిగాను. కుళాయిని కాసేపు వదిలేసి, మూతి తుడిచి, గొట్టం తగిలించాను.

శుక్రవారం అనూహ్య ఫోను చేసింది. "కడిగావా?"

"ట్యాంకు కడిగానే. కొత్త నీళ్ళు పట్టాను."

"ట్యాంకు కాదమ్మా, బండి! రేపే వాళ్ళొచ్చేది."

"రావద్దని చెప్పు. నువ్వే వచ్చి ఓ గ్లాసు తాగి చూడు."

"కాచినవేనా?" అంది.

"కాచే ఉంచుతాలే."

బండి మీద ఊరూరి దుమ్మూ అలాగే ఉంది. బకెట్టు, బ్రష్షు బయటికి తియ్యలేదు.