చెదిరిన ఎక్స్‌రేలు ఎవరికి తగులుతాయి?

ఈరోజు మా ఆదోని కాలేజీలో ఫిజిక్స్ క్లాసు. గ్రాఫైట్ ముక్కకు తగిలి చెదిరిన ఎక్స్‌రేల తరంగదైర్ఘ్యం ఎంత పెరిగిందో కొలిచే పద్ధతి చెబుతుంటే, కోసిగి నుంచి వచ్చే సుజాత లేచింది.

"సార్, మనిషికి తగిలినా అట్లే చెదురుతాయా? మాయమ్మ ఈడ క్లినిక్కులో ఆయా. ఎక్స్‌రే తీసేటప్పుడు పిల్లోళ్లని కదలకుండా పట్టుకోని నిలబడతాది."

"కిరణాలు తగలకుండా సీసం ఆప్రాన్ వేసుకుంటుంది కదమ్మా?"

"అట్లాంటిది ఆడ సూడనే లేదు సార్."

సాయంత్రం ఇద్దరం ఆ క్లినిక్కుకు వెళ్లాం. వాళ్లమ్మ నవ్వేసింది. "నొప్పి గూడా ఉండదు సార్." నొప్పి తెలియకుండానే హాని చేస్తాయి కాబట్టి ఆ మాటకే నాకు ఇంకా భయమేసింది.

ఆప్రాన్ వచ్చేదాకా ఆమెను ఆ గదిలోకి పంపనని డాక్టరు ఒప్పుకున్నాడు. బయటికొచ్చాక సుజాత అడిగింది: "ఇన్నేండ్లు తగిలిండేది ఏమైతాది సార్?"

ఏటా ఐదు మార్కుల ప్రశ్నగా చెప్పే పాఠమే. ఈ ప్రశ్న మాత్రం అందులో లేదు. మీలో తెలిసినవాళ్లుంటే చెప్పండి.