పోలయ్య మామ వచ్చేదాకా కోయని గుమ్మడికాయ

మేం దొరవారిసత్రం దగ్గర పులికాట్ ఒడ్డున ఉన్న రోజుల్లో... ఒక కార్తీకమాసపు వానరోజు, పొద్దున్నే రావాల్సిన పోలయ్య మామ పడవ మధ్యాహ్నమైనా రాలేదు.

పోలయ్య మామ మా పక్కింటాయన. సరస్సులో చేపలు పట్టేవాడు. ఆయన భార్య రవణమ్మత్త. మా నాన్న ఆ ఊరి చర్చి బడిలో పంతులు. వాళ్లు హిందువులు, మేం క్రైస్తవులం. రెండిళ్లకీ మధ్య ఒకటే దడి. అరవైల మొదట్లో సంగతి. నాకు ఏడేళ్లో ఎనిమిదేళ్లో ఉంటాయి.

ఆ రోజు వంట ముందే అనుకున్నది. అత్త వాళ్ల పూరికప్పు మీద పాకిన తీగకి ఒక గుమ్మడికాయ కాసింది... నేను రెండు చేతులతో ఎత్తలేనంత. మామ వేట నుంచి రాగానే దాన్ని రెండిళ్లవాళ్లం కలిసి తినాలని అనుకున్నారు.

మా అమ్మ గూడూరులో హాస్టల్లో ఉండి చదివేటప్పుడు అక్కడి వంటమనిషి దగ్గర ఒక పద్ధతి చూసింది. కాయను ముక్కలు చేయరు. తొడిమ చుట్టూ మూతలాగా కోసి, గింజలూ పీచూ తీసేసి, లోపల ఉప్పూ పసుపూ రుద్ది, మసాలా కూరి, మూత పెట్టి నిప్పుల్లో మగ్గబెడతారు. అక్కడ మాంసం కూరేవాళ్లట. మా దగ్గర రొయ్యలు.

పొద్దున్నే రొయ్యలు ఒలిచారు. ఉల్లిపాయ, అల్లం, ఎండుమిర్చి, కొబ్బరి వేసి అమ్మ దాకలో వేయించింది. సగం ఉడికిన అన్నం కలిపింది. మా వసారాలో నాన్న సరుగుడు కట్టెలు కాల్చి నిప్పులు సిద్ధం చేశాడు. ఇక కాయ కోయడమే మిగిలింది.

అక్కడే ఆగింది.

నిండు గుమ్మడికాయకు మొదటి గాటు మగవాళ్లే పెట్టాలి. తర్వాత ఆడవాళ్లు ఎన్ని ముక్కలు కోసినా తప్పులేదు. అత్త వాళ్లింట్లో ఆ గాటు ఇంటాయనదే. మా ఇంట్లో అలాంటి పట్టింపులు లేవని అమ్మ చాలాసార్లు చెప్పింది.

వాన పెరిగింది. నిప్పులు చల్లారుతున్నాయని నాన్న లేచి కత్తి అందుకున్నాడు.

"ఇటియ్యమ్మా, నేను కోస్తా. పోలయ్య వచ్చేలోపు ఉడికిపోతుంది."

అత్త కాయను తనవైపు లాక్కుంది.

"ఏం సారూ... మా ఇంట్లో మగమనిషి లేకుండా పోయినాడా?"

నాన్న కత్తి కింద పెట్టాడు. సాయం చేస్తానన్న మనిషి మీద ఆమెకెందుకు కోపమో నాకు అర్థం కాలేదు. మగదిక్కు లేని ఇళ్లలోనే పక్కింటివాళ్లను పిలిచి మొదటి గాటు పెట్టిస్తారని నాకు పెద్దయ్యాక తెలిసింది. నాన్నకి ఆ రోజు తెలుసో లేదో... ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

కాసేపటికి ఇంకో పడవ ఒడ్డుకు చేరిందని కబురొచ్చింది. గాలి లేచినప్పటి నుంచి పోలయ్య పడవ తమకు కనిపించలేదని ఆ పడవవాళ్లు చెప్పారట. అత్త కాయను అమ్మ ముందు పెట్టి, తలమీద గోనెసంచి కప్పుకొని ఒడ్డుకు పోయింది. వెనకాలే నాన్న వెళ్లాడు.

ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. రొయ్యలు పాడవకుండా అమ్మ దాకను మళ్లీ పొయ్యిమీద పెట్టింది. మళ్లీ దించింది. కత్తి తీసుకుని కాయ తొడిమ దగ్గర ఆనించింది... అలాగే ఉండిపోయింది.

"మనకి పట్టింపు లేదుగదమ్మా?" అన్నాను.

"లేదు."

"మరి కొయ్యి."

"నువ్వు నోరు మూసుకుని నిప్పులు విసురు."

కత్తి పక్కన పెట్టేసింది. కళ్లు మూసుకుంది. ప్రార్థన చేస్తోందనుకున్నాను. పెదాలు మాత్రం కదల్లేదు.

దీపాలు పెట్టే వేళకి దడి అవతల మాటలు వినిపించాయి. పోలయ్య మామ వచ్చాడు. గాలికి వల పోయిందట. పడవను ఒక దిబ్బకు చేర్చుకుని, గాలి తగ్గేదాకా అక్కడే ఉన్నాడట. ఒంటిమీద గోచి తప్ప ఏమీ లేదు. అత్త ఆయన్ని ఇంట్లోకి కూడా పోనియ్యలేదు. నేరుగా మా వసారాలోకి తీసుకొచ్చి కత్తి చేతికిచ్చింది.

"తల తుడుచుకోనియ్యవే."

"ముందు కొయ్యి."

"వల పోయి నేనేడస్తా ఉంటే, గుమ్మడికాయ గొడవేందే నీకు?"

"కొయ్యమంటున్నా గదా."

ఆయన కోశాడు. అత్త అక్కడే కూలబడి ఏడ్చింది. అమ్మ మొహం అటు తిప్పుకుంది. మామ కత్తి పట్టుకుని ఒక్కొక్కరినే చూశాడు.

"ఏమైంది సార్ వీళ్లకి?"

"నాకూ తెలీదు పోలయ్యా," అన్నాడు నాన్న.

ఊరు సద్దుమణిగాక తిన్నాం. కాయ అడుగున మాడింది. పదేపదే వెచ్చబెట్టడంతో రొయ్యలు రబ్బరులా సాగాయి. మామ రెండుసార్లు వడ్డించుకున్నాడు. అత్త ఆయన ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉంది.

ఎన్నో ఏళ్ల తర్వాత అమ్మను అడిగాను, ఆ రోజు ఎందుకు కోయలేదని. కత్తి మొద్దుగా ఉందని చెప్పింది. మామ కోసింది ఆ కత్తితోనే.

ఇప్పుడు బజార్లో గుమ్మడికాయను ముక్కలుగా కోసి, ప్లాస్టిక్ కాగితం చుట్టి అమ్ముతున్నారు. మొదటి గాటు ఎవరు పెట్టారో కొనేవాళ్లకి తెలీదు, అడిగేవాళ్లూ లేరు. మీ ఇళ్లలో ఎవరు పెట్టేవారు? వాళ్లు ఇంట్లో లేని రోజు ఏం చేసేవారు? గుర్తుంటే రాయండి...

నాయుడుపేట నుంచి నిన్న మా తమ్ముడు నిండు కాయ ఒకటి పంపాడు. ఆదివారం మధ్యాహ్నానికి మనవలు వస్తున్నారు. పదింటికల్లా కాయ పొయ్యెక్కాలి. ఊరెళ్లిన మా ఆయన రైలు ఇక్కడ గూడూరు చేరేది ఆ రోజు సాయంత్రం ఆరింటికి.